ఏనుగు కడుపులో ఎండాకాలం

ఆ ఎండాకాలమంతా నేను ఏనుగు కడుపులో కూర్చున్నాను. శ్రీరామనవమి వెళ్లిన నాలుగో రోజున ఎక్కాను. నడుమ నడుమ ఇంటికి వచ్చాను, వండాను, పిల్లకు తల దువ్వాను, ముసలి అత్తకు స్నానానికి నీళ్లు తోడాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పనులేవీ గుర్తుకు రావు. గోనెపట్టల వాసన, పులిసిన అంబలి కంపు, కాళ్ల బొటనవేళ్లను ఒరుసుకుపోయిన తాళ్లు గుర్తుకొస్తాయి.

రెండో జర్మనీ యుద్ధం అయిపోయిందని చెప్పుకున్న మరుసటి ఏడు అది. మేము సిద్దిపేటలో ఉండేవాళ్లం. మాది బొమ్మలు గీసే ఇల్లు, నకాషీలంటారు. బట్టకు సుద్ద పూసి, దానిమీద ఒక్కో కులం పురాణాన్ని వరుసగా గీసి ఇస్తే, కథలు చెప్పేవాళ్లు ఆ పటాన్ని చుట్టి భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవాళ్లు. మా మామ ఉన్నప్పుడు ఏడాదికి నాలుగైదు పటాలు గీసేవారు. యుద్ధంలో బట్ట కంట్రోలు కిందికి పోయింది. కట్టుకోవడానికే లేని బట్టను బొమ్మలకు ఎవరు తెస్తారు? కథలవాళ్లు పాత పటాలకే అతుకులు వేయించుకొని పోతుండేవాళ్లు.

మా ఆయన పేరు నోటితో చెప్పకూడదంటారు. ఆయనా పోయాడు, చెప్పకూడదన్నవాళ్లూ పోయారు. వెంకటనర్సయ్య. చేతికి పని లేకపోతే ఆయన తలకు పని ఎక్కువయ్యేది. మొదట పీర్ల పండుగకు పులి ముఖాలు చేసి కిరాయికి ఇచ్చాడు. పండుగ దాటాక అవి చెవులు ఊడి, మీసాలు ఊడి, ఒకటైతే ఏ పసిపిల్లవాడో నమిలిన గుర్తులతో తిరిగి వచ్చాయి. ఆ తర్వాత కిటికీలు. గంజ్‌లో కిటికీ లేని కొట్లు చాలా ఉండేవి. గోడమీద కిటికీ గీసి, అందులోంచి ఒక మడి, మడిలో కొంగ, పైన తెల్లమబ్బు కనబడేలా రంగులు వేసేవాడు. ముగ్గురు షావుకార్లు వేయించుకున్నారు. నాలుగో షావుకారు, "అంత మంచిగనే ఉంది గని, గాలి వస్తదా నర్సయ్యా?" అన్నాడట. ఆ రోజు ఇంటికి వచ్చి రంగుల చిప్పలు కడిగి బోర్లించాడు. కిటికీల పని అంతటితో సరి.

ఏనుగు ఆలోచన ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు. ఒక పొద్దున లేచేసరికి వాకిట్లో వెదురు బద్దలు చీలుస్తున్నాడు.

"ఏం జేస్తున్నవు?" అన్నాను.

"పట్నం నుంచి ఏనుగును తెచ్చి పెండ్లి జేసేటోడు ఈ తాలూకా మొత్తంల ఇద్దరో ముగ్గురో. ఎక్కాలె అన్న కోరిక మాత్రం అందరికుంటది" అన్నాడు, తల ఎత్తకుండానే.

రెండు నెలలు పట్టింది. పాత బండి మీద వెదురుతో ఎముకల గూడు కట్టాడు. దానికి గోనె చుట్టి, చింతగింజల అంబలిలో నానేసిన చింకిపాతలూ కాగితాలూ పొరలు పొరలుగా అతికాం. అంబలి ఉడికించింది నేను, రుబ్బింది నేను, సుద్ద నూరింది నేను. మా ఇంట్లో గీత ఆయనది, మిగతా చాకిరీ నాది. ఆఖరున ఆయన నుదుటి మీద పూలతీగ గీసి, కళ్లు దిద్దాడు. ఆ కళ్లు దిద్దిన సాయంత్రం మా పిల్ల వాకిట్లోకి రావడానికి భయపడింది.

చెవులు ఆడాలి, తొండం లేవాలి. అదీ ఆయన పట్టు. బావి గిరకలు రెండు బిగించి తాళ్లు కట్టాడు. లాగడానికి లోపల ఒక మనిషి కూర్చోవాలి. మా మరిది కొడుకును కూర్చోబెడితే వాడి తల వెదురుకు తాకింది. ఆ జాగా నాకు సరిపోయింది. చెవుల తాళ్లు కాళ్ల బొటనవేళ్లకు, తొండం తాడు చేతికి. ఊళ్లలోకి పోయాక ఎద్దులను విప్పేసి, నలుగురు మనుషులు వెనక నుంచి బండిని తోసేవాళ్లు. మా ఆయన తలపాగా చుట్టి, చేతిలో అంకుశం పట్టుకొని మావటివాడిలా ముందు నడిచేవాడు. అంకుశంతో ఏనుగు నుదుటి మీద రెండుసార్లు టక్‌టక్‌మని కొడితే నేను తాడు లాగాలి, తొండం లేచి సలాం చేయాలి. పటేలు ఇల్లు వచ్చినా, దొర ఉండే గడి వచ్చినా అదే.

లోపల ఆడమనిషి ఉందని ఎవరికీ తెలియకూడదు. అడిగిన వాళ్లందరికీ ఆయన ఒకటే చెప్పేవాడు: "లోపట జర్మనీ మిషన్ ఉన్నది."

ఇంటి బయట మిషన్ సంగతి తెలిసినవాడు ఒక్క పోశయ్య. మా ఊరేగింపులకు డప్పు కొట్టేవాడు. అతని ఊరు సిద్దిపేటకు ఒక ఆమడ దూరం. తొండం కింద నాకోసం ఒక చిన్న తొర్ర వదిలారు. అందులోంచి నాకు కనబడేది పోశయ్య మడమలు, దుమ్ము, అంతే. రోజంతా ఆ మడమల వెనకే పోయేదాన్ని. మొదటి పెళ్లిలో ఊరేగింపు ఆగినప్పుడు అతను తొర్ర దగ్గరికి వచ్చి, "మిషన్‌కు నీళ్లు పొయ్యాలె" అని పైకే అని, తన ముంత లోపలికి చాచాడు. చూసినవాళ్లు నవ్వారు. అతను ఊరవతలి వాడ మనిషి. మా ఇళ్లలో అతని చేతి నీళ్లు తాగరు. ఆ రోజు దాహంలో తాగేశాను. మరుసటి పెళ్లిలో ముంత చేతిలో పట్టుకొని కొంచెంసేపు ఆలోచించి తాగాను. తర్వాత ఆలోచించలేదు.

ఏనుగు నడిచింది. ఇన్నాళ్లకు ఆయన చేసిన పనిని జనం వెతుక్కుంటూ వచ్చారు. ములుగు దాకా పోయాం, ప్రజ్ఞాపూర్ దాకా పోయాం. అత్త చుట్టుపక్కల వాళ్లకు గొప్పగా చెప్పుకుంది. నాకు మాత్రం రాత్రి పడుకుంటే వీపు నేలకు ఆనేది కాదు, కళ్లు మూసుకుంటే బొటనవేళ్లు వాటంతట అవే ఆడేవి. "ఈ ఒక్క లగ్గాల కాలం" అనేవాడు ఆయన. "ఈ ఒక్కటి గడవనీ." ఆయన కూడా అలసిపోయాడు. ప్రతి ఊరిలో చిరుగులు కుట్టి, అతుకులు వేసి, రంగు దిద్దేవాడు. ఎండకు ముఖం నల్లబడింది.

వైశాఖం సగమయ్యాక ఒక పొద్దున పోశయ్య మా ఇంటికి వచ్చాడు. వాకిలి అవతల గొంతుక్కూర్చున్నాడు.

"చెప్పు పోశయ్యా" అన్నాడు ఆయన.

"మా దుబ్బయ్య లగ్గం కుదిరింది అయ్యా. పిల్లది అక్కన్నపేట దిక్కు. లగ్గం ఆడనే అయితది. తెల్లారి కోడలిని తోలుకొని ఊర్లెకు వస్తం." అక్కడ ఆగాడు. నేల మీద పుల్లతో గీతలు గీస్తూ, "ఎండాకాలం మొత్తం దాని ముందట నడిస్తి. పొలిమేర నుంచి ఇంటి దాక, పిల్లగాండ్లను ఒక్కసారి ఎక్కియ్యాలని ఉన్నది" అన్నాడు.

ఆయన చేతిలోని కుంచెను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

"మీ వాడకు పొయ్యే తొవ్వ గడి ముందట నుంచే గద?"

"బండి పొయ్యే తొవ్వ గదొక్కటే అయ్యా."

"గడి ముందట మీరు ఎట్ల నడుస్తరు?"

"చెప్పులు ఇడిచి చేతుల పట్టుకుంటం."

"మరి ఏనుగెక్కి ఎట్ల పోతరు పోశయ్యా?"

"బొమ్మ గదయ్యా" అన్నాడు పోశయ్య. అన్నాడు గానీ ఆ మాట మీద అతనికే నమ్మకం ఉన్నట్టు లేదు.

"నేను బొమ్మ అంటె ఆళ్లు వినాలె గద. ఒకవేళ విన్నరే అనుకో. నీ కొడుకు ఎక్కినంక మల్ల వేరేటోళ్లు ఎక్కుతరా? ఇంకా రెండు లగ్గాలు ఒప్పుకొని ఉన్న." ఆయన గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెబుతున్నాడు.

"నిజమే అయ్యా" అన్నాడు పోశయ్య. తుండుగుడ్డ దులుపుకొని లేచాడు. ఆ లేవడంలో ఏ నిష్ఠూరమూ లేదు. కాదంటారని తెలిసే వచ్చాడు, అడగకుండా ఉండలేక వచ్చాడు.

నేను గడపలో కూర్చొని చింతగింజలు పగలగొడుతున్నాను. "లగ్గం ఏనాడు పోశయ్యా?" అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు.

"వచ్చే బేస్తారం అవ్వా. శుక్రారం పొద్దుగాల ఊర్లెకు వస్తం."

"శుక్రారం మనకు ఏం లేదు" అన్నాను మా ఆయనతో. మళ్లీ చింతగింజల మీద రాయి వేశాను. ఆయన నన్ను చూశాడు, కుంచెను చూసుకున్నాడు, వాకిట్లో నిలబడ్డ ఏనుగును చూశాడు. "పొద్దుగాలనే రావాలె, ఎండ ఎక్కక ముందట" అన్నాడు పోశయ్యతో.

శుక్రవారం మేము పొలిమేర దగ్గరికి చేరేసరికి వాడంతా అక్కడే ఉంది. దుబ్బయ్యకు పద్దెనిమిదేళ్లుంటాయేమో. ఆ పిల్లకు పదిహేనుండవు. ఇద్దరినీ ఎత్తి పైన పీటమీద కూర్చోబెట్టారు. పీట నా తల మీదే ఉంటుంది. ఎవరు ఎలా కూర్చున్నారో దాని చప్పుడును బట్టి చెప్పగలిగేదాన్ని. గొప్పింటి పెళ్లికొడుకులు అటూ ఇటూ జరిగి, దిండు సర్దించుకొని, వెనక్కి వాలేవాళ్లు. వీళ్లిద్దరూ ఎక్కాక పీట ఒక్కసారి కూడా కిర్రుమనలేదు.

కొడుకు పెళ్లిలో తండ్రి డప్పు కొట్టకూడదని ఎవరో అన్నారు. "నా కొడుకు ఏనుగెక్కితె డప్పు వేరేటోడు కొట్టుడేంది?" అన్నాడు పోశయ్య. ఆ రోజు కాళ్లకు కొత్త చెప్పులున్నాయి, తనే కుట్టుకున్నవి. అంతకుముందు ఏ పెళ్లిలోనూ అతను అలా కొట్టగా నేను వినలేదు. నా అలసటే మరిచిపోయి చెవులు ఆడించాను. వాడ పిల్లలు తోస్తున్నారు. వాళ్ల నవ్వులు వెనక నుంచి వినబడుతున్నాయి.

గడి దగ్గర డప్పు ఆగింది. తొర్రలోంచి చూశాను. పోశయ్య వంగి చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు.

"ఏందిరా పోశిగా, ఏనుగు ఎక్కిచ్చినవట?" ఆ గొంతు గడి గుమాస్తా దత్తాత్రిది. పేరు తర్వాత తెలిసింది.

"బొమ్మ దొరా."

"బొమ్మనే, నాకు కండ్లు లెవ్వా? మీద కూసున్నోడు బొమ్మనా?"

మా ఆయన ముందుకు వచ్చాడు. "బాంచెను దొరా. సిద్దిపేట నకాషోన్ని. గోనె, కాగితం. కిరాయి బండి అసొంటిది."

"నిన్ను అడుగలే. దిగుమను ఆన్ని."

పిల్లల నవ్వులు ఆగిపోయాయి. నా తల మీద పీట మొదటిసారి కిర్రుమంది. దుబ్బయ్య దిగాడు, తర్వాత ఆ పిల్లను దించారు. తొర్ర ముందు రెండు జతల కాళ్లు వచ్చి నిలబడ్డాయి. పసుపు, పారాణి. ఆ పిల్ల కాలి వేళ్లు నేలను గట్టిగా పట్టుకొని ఉన్నాయి.

అంతటితో అయిపోతే బాగుండేది. అయిపోయిందనే అనుకున్నాను.

"పెద్దదొర మేడ మీంచి సూస్తుండు" అన్నాడు దత్తాత్రి. "గిది ఊరూర సలాం కొడ్తదట గద. కొట్టియ్యి. కొట్టి, నడుసుకుంట పొమ్మను."

నుదుటి మీద అంకుశం చప్పుడు. టక్ టక్.

తాడు నా చేతికి చుట్టుకొనే ఉంది. ఎందుకు లాగలేదో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. ధైర్యం అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. నాకు అప్పుడు ధైర్యం ఏమీ లేదు. ఎండాకాలమంతా లాగాను, పటేళ్లకు, పట్వారీలకు, దొరలకు. ఆ రోజు ఆ కాళ్లను చూస్తూ, ఇంకొక్కసారి లాగాలంటే చేయి రాలేదు.

మళ్లీ టక్ టక్. కొంచెం గట్టిగా. మూడోసారీ కొట్టాడు.

"ఏమైందిరా?"

"సూస్త దొరా."

ఆయన ఏనుగు డొక్క మీద వేలాడే గుడ్డ ఎత్తి, వంగి లోపలికి తల పెట్టాడు. బయటి వెలుగులోంచి వచ్చాడు కాబట్టి మొదట ఏమీ కనబడలేదనుకుంటాను. తర్వాత కనబడింది. నా అరచేతికి చుట్టి ఉన్న తాడును చూశాడు. తాడు వెంట చూపును గిరకల దాకా తీసుకుపోయి, మళ్లీ వెనక్కి తెచ్చి, నా ముఖం చూశాడు. గుడ్డ వదిలేసి లేచి నిలబడ్డాడు.

"తాడు తెగింది దొరా. మిషన్ పని జేస్తలేదు."

పైన మేడమీంచి ఎవరో ఏదో అన్నట్టుంది. తర్వాత దత్తాత్రి అన్నాడు: "లోపటికి తోయురి. బాగు జేసినంక కొడ్తది. పిల్లదొరలు ఆడుకుంటరు."

"దొరా, జర ఆగుండ్రి, ఇప్పుడే బాగు జేస్త" అని ఆయన వెంటపడ్డాడు. బండి కదిలింది. గడి తలుపుల నీడ మీద పడింది. వెనక కర్ర చప్పుడు, మా ఆయన మూలుగు, తలుపుల చప్పుడు వరసగా వినబడ్డాయి. నేను గడి లోపల ఉన్నాను. ఆయన బయట ఉన్నాడు.

గడిలోకి పోయిన ఆడవాళ్ల గురించి మా వైపు ఇళ్లలో గట్టిగా మాట్లాడుకోరు. నేను మోకాళ్లు దగ్గరికి లాక్కొని, చీర కొంగు నోట్లో కుక్కుకొని కూర్చున్నాను. పిల్లలు ఎక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. ఒకడు చెవి పట్టుకొని వేలాడాడు. దాని తాడు నా బొటనవేలి చర్మాన్ని లాక్కొనిపోయింది. ఒకడు పుల్ల తీసుకొని కడుపులో పొడిచాడు. గోనె చిరిగి, నా భుజం పక్కనే వెలుతురు పడింది. "దీని కడుపుల ఏముందిరా?" అంటున్నాడు. తిండికి పిలవకపోతే చూసేవాడే.

పొద్దు నడినెత్తికొచ్చింది. చెమట కూడా ఆగిపోయింది. నాలుక పైదవడకు అంటుకుంది. గడి నిద్రపోయింది. చీపురు చప్పుడు ఒక్కటే వినబడుతోంది. ఒక పెద్ద వయసామె పశువుల కొట్టం ముందు ఊడుస్తోంది. ఊడుస్తూ ఊడుస్తూ ఏనుగు దగ్గరికి వచ్చి, చిరుగు ముందు ఆగింది. నా కన్ను ఆమెకు కనబడిందని నాకు తెలిసింది. ఆమె చీపురు ఆపలేదు.

"ఎవలి పిల్లవే?" అంది నేలను చూస్తూనే.

"నకాషోళ్ల కోడలిని."

"ఎప్పటి సంది ఉన్నవు?"

"పొద్దటి సంది."

ఆమె ఊడ్చుకుంటూ పోయింది. పోయిందే అనుకున్నాను. కొంతసేపటికి పెండగంప ఒకటి, కుడితి ముంతలో నీళ్లు తెచ్చింది. "తాగు. గీ గంప నెత్తిన పెట్టుకో. తల ఎత్తకు, నా ఎనుక రా. ఎవడన్న పిలిస్తె పలుకకు."

బయటికి పాకి నిలబడబోతే కాళ్లు నావి కావన్నట్టు మడతపడ్డాయి. ఆమె నడుము పట్టుకొని లేపింది. కొట్టం వెనక ఒక చిన్న తలుపుంది, పెండ పారబోయడానికి. ఆ నాలుగు పదుల అడుగులు నేను ఎలా వేశానో చెప్పలేను. పడసాల అరుగు మీద ఎవరో గుర్రు పెడుతున్నారు. తలుపు దాటాక ఆమె పేరు అడిగాను.

"లచ్చవ్వ."

"నువ్వు గుడ రా అవ్వా" అన్నాను. ఎందుకన్నానో.

"పోయేదాన్నయితె ఎన్నడో పోదును బిడ్డా" అంది లచ్చవ్వ. తలుపు మూసింది.

మా ఆయన పొద్దటి నుంచి గడి గోడ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడట. చెలక గట్టు మీంచి దిగివచ్చాడు. ఒక చెవి దగ్గర నెత్తురు ఎండిపోయి ఉంది. నా నెత్తిమీంచి గంప దించాడు. ఎద్దులను తోలుకొని, బండి లేకుండా ఇంటి దారి పట్టాం. సిద్దిపేట సగం దూరంలో ఉందనగా, "చెయ్యి గుంజుతుందా?" అన్నాడు.

"గుంజుతుంది."

"లోపట ఎవరన్న..."

"ఎవ్వరు సూడలే."



ఒప్పుకున్న రెండు లగ్గాలవాళ్లూ వద్దని కబురు పంపారు. ఏనుగు లేదని వాళ్లకు ఇంకా తెలియనే తెలియదు. ఎవరెక్కారో తెలిసింది, అంతే. పది రోజులకు పోశయ్య వచ్చాడు. వాకిలి అవతలే కూర్చున్నాడు. చేతుల నిండా ముళ్లు గీసుకుపోయి ఉన్నాయి. నెలరోజులు గడి ముందట ముళ్లకంప కొట్టమన్నారట.

"దుబ్బయ్య, కోడలు బొంబాయి దిక్కు భీవండి పోయిన్రయ్యా. ఆడ మగ్గాల కాడ ఎవలో ఉన్నరు. నేనే పొమ్మన్న."

"నా మాట నువ్వు వింటె బాగుండు పోశయ్యా" అన్నాడు మా ఆయన.

పోశయ్య అలిసిన ముఖంతోనే కొంచెం నవ్వాడు. "ఎక్కిండు గదయ్యా. పొలిమేర నుంచి గడి దాక ఎక్కిండు" అన్నాడు. నేను అతనికి జొన్న గటక పెట్టాను. ఆకు దొన్నెలో కాదు, మా సత్తుగిన్నెలో. అత్త చూసింది. ఆ ఎండకు ఆమె కూడా ఏమీ అనే ఓపికలో లేదు.

గడి నుంచి కబురు వచ్చింది, ఏనుగును బాగు చేయమని. ఆయన పోలేదు. మళ్లీ వచ్చింది. మూడోసారి మనిషే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆయన కుంచెలు, అంబలి కుండ మూట కట్టుకొని అతని వెంట పోయాడు. ముందురోజు రాత్రే పెద్ద గాలివాన కొట్టింది.

మరునాడు మధ్యాహ్నం వాకిట్లో అడుగుల చప్పుడైతే బయటికి వచ్చాను. గడి మనిషి మా ఆయన చేయి పట్టుకొని నడిపించుకొస్తున్నాడు. ఆయన రెండో చేతిలో కర్ర ఉంది. గడపను కర్రతో తడిమి, కాలు ఎత్తి పెట్టాడు. నుదురు ఇంత ఎత్తున వాచి ఉంది. కళ్లు పొడిచేశారనే అనుకున్నాను.

"మీ ఆయనకు కండ్లు ఆనుతలెవ్వమ్మా. దవాఖానకు తోలుకపో" అని ఆ మనిషి వెళ్లిపోయాడు.

"తలుపు పెట్టు" అన్నాడు మా ఆయన. పెట్టాను. ఆయన కర్రను మూలకు ఆనించి, నేరుగా కుండ దగ్గరికి నడిచి, నీళ్లు ముంచుకొని తాగాడు.

"కండ్లకు ఏమైంది?"

"ఏం గాలే." గోడకు ఆనుకొని కూలబడ్డాడు. "వాన కొట్టింది గద. ఏనుగు లేదు. వెదురు బద్దలు, బురద. దొర కొత్తది జెయ్యమన్నడు. ఆడనే గడిలనే కూసొని, అయిందాక. మిషన్ సుత కావాలన్నడు. మిషన్ ఏడుంటదో గక్కడికి పొయ్యి తెమ్మని ఇద్దరు మనుషులను ఇస్తనన్నడు."

నేను లేచి తలుపు గడియ ఇంకోసారి చూసి వచ్చాను.

"గోడ మీద నమూనా గియ్యమని బొగ్గు ఇచ్చిండు. వంకర గీసిన. మల్ల గియ్యమన్నడు. అదీ వంకరనే గీసిన. రాత్రి సంది మసక మసక ఉంది దొరా, ఆనుతలేదు అన్న. నడువుమన్నడు. నడిచి గోడకు తాకిన." నుదురు తడుముకున్నాడు. "గోడకు తాకుడు సులువే అయింది. చిన్నప్పటి సంది గీత వంకర పోలే. ఇయ్యాల పోనిచ్చుడు కష్టమైంది."

చెప్పి, అక్కడే నేలమీద పడుకొని నిద్రపోయాడు. పొద్దు గూకినా లేవలేదు. నేను లేపలేదు.

చూపు లేనివాడు కుంచె పట్టడు. సిద్దిపేటలో గడికి పోయివచ్చే వాళ్లు ఎంతమందో. అందుకని ఆ కర్రను ఆయన బయట తిరిగినప్పుడల్లా పట్టుకున్నాడు, రెండేళ్లు, ఆ గడివాళ్లు రాత్రికి రాత్రి పట్నం వెళ్లిపోయేదాకా. అత్తకు కూడా నిజం చెప్పలేదు. ఆమె కొడుకు కళ్ల కోసం మొక్కులు మొక్కింది.

మిరుగం కార్తె దాటిన వారానికి దుర్గయ్య అనే కథలవాడు వచ్చాడు. పటం తడవకుండా గుడ్డ చుట్టి తెచ్చాడు. అరుగు మీద విప్పితే నడిమి వరస సగం రాలిపోయి ఉంది. అమ్మవారి ముఖం మొత్తం పోయింది.

"నర్సయ్య లేడా అమ్మా?"

"ఉన్నడు. ఆయనకు కండ్లు ఆనుతలెవ్వు."

"నిజమేనా, తొవ్వల ఎవలో అంటె నమ్మకపోతి." దుర్గయ్య కొంచెంసేపు ఆ ఖాళీ జాగాను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పటాన్ని ఒక అంచు నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. "వానల్లనే మా మేడ్చల్ దిక్కు కథ ఒప్పుకున్న. ముఖం లేని అమ్మవారిని పట్టుకొని ఏం జెప్పాలె? వేరే ఎవలన్న ఉంటె..."

లోపల తలుపు వెనక మా ఆయన రంగు నూరుతున్నాడు. ఆ రాతి చప్పుడు ఆగింది.

నేను పటం రెండో అంచు మీద చేయి పెట్టాను. "సుట్టకు, ముఖం నేను గీస్త" అన్నాను. "అమ్మవారు ఎటు దిక్కు సూడాల్నో నాకు జెప్పు."

దుర్గయ్య తల ఎత్తి నన్ను చూశాడు. చుట్టిన భాగాన్ని మళ్లీ పరిచి, చూపుడువేలు ఖాళీ జాగా మీద పెట్టి, "గిట్ల, ఎడమ దిక్కు" అన్నాడు.

లోపల రాయి మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.